పొడుగు రిసీవర్‌కి అందే బంతి పొట్టి రిసీవర్‌కి ఎందుకు అందట్లేదు?

సీతమ్మధార_7 అడిగారు:
ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట ఐదుగురేసి ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లాంటిదే, మనిషిని పడదోసే బదులు నడుముకి కట్టిన పట్టీ లాగితే చాలు). క్వార్టర్‌బ్యాక్‌ది, అంటే బంతి విసిరేవాడిది, కుడిచేతి వాటం. బంతి పట్టే రిసీవర్లలో ఒకరు 6 అడుగుల 3 అంగుళాలు, ఇంకొకరు 5 అడుగుల 7. ఇరవై గజాల అవుట్ రూట్ (ముందుకెళ్లి పక్క గీత వైపు తిరిగే పరుగు), గో రూట్ (నేరుగా ముందుకే పరుగు) పొడుగాయనకి బాగానే అందుతున్నాయి. అవే త్రోలు పొట్టాయనకి తల మీంచి పోతున్నాయి. అడ్డంగా కోసుకొచ్చే స్లాంట్ మాత్రం ఇద్దరికీ వీపు వెనకే పడుతోంది. జట్టులో సగం మంది "పొడుగోళ్లనే పెట్టుకుందాం" అంటున్నారు, మిగతావాళ్లు "ముందు త్రో సరిచెయ్యండి" అంటున్నారు. ఎవరి మాట రైటు? సరిచెయ్యాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

లాసన్స్‌బే_లెక్కలు:
లెక్క వేస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. చెయ్యి పైకెత్తి నిలబడ్డ మనిషికి అందే ఎత్తు, సుమారుగా అతని పొడుగు మీద ఇంకో మూడో వంతు. అంటే మీ 190 సెంటీమీటర్ల ఆయనకి 253, 170 ఆయనకి 226. తేడా 27 సెంటీమీటర్లు. ఇప్పుడు ఇటు చూడండి. బంతి వదిలే కోణం ఒక్క డిగ్రీ పైకి లేస్తే ఇరవై గజాల అవతల దాదాపు 32 సెంటీమీటర్లు లేస్తుంది. పొడుగాయన ఎత్తు మీకు ఇచ్చే వెసులుబాటు ఒక డిగ్రీ కూడా లేదన్నమాట. ముప్పై గజాలకి అదే డిగ్రీ 48 సెంటీమీటర్లు. అక్కడ ఆయన కూడా బంతిని చూస్తూ నిలబడాల్సిందే.

పైగా ఎత్తు పనికొచ్చేది పైకి మాత్రమే. పక్కకి చెయ్యి చాపితే ఇద్దరికీ తేడా పది సెంటీమీటర్లు, అంతే. మోకాళ్ల కింద పడే బంతికైతే పొట్టాయనే నయం, వంగడానికి తక్కువ దూరం.

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక జత చూడండి. 2011లో 5 అడుగుల 9 అంగుళాల వెస్ వెల్కర్ 122 క్యాచ్‌లు పట్టాడు. 2012లో 6 అడుగుల 5 అంగుళాల కాల్విన్ జాన్సన్ కూడా సరిగ్గా 122 పట్టాడు. వెల్కర్‌వి 1,569 గజాలు, జాన్సన్‌వి 1,964, అదొక రికార్డు. వెల్కర్‌కి వేసిన టామ్ బ్రేడీ ఆ ఏడాది 65.6 శాతం పాసులు పూర్తిచేస్తే, జాన్సన్‌కి వేసిన మాథ్యూ స్టాఫర్డ్ 59.8 దగ్గర ఆగాడు. జాన్సన్ క్యాచ్ సగటున 16 గజాలు, వెల్కర్‌ది 13 లోపు. దూరం పెరిగేకొద్దీ డిగ్రీ ఖరీదు పెరుగుతుంది, ఎత్తు ఆ ఖరీదు మొత్తం కట్టలేదు.

మద్దిలపాలెం_కోచ్:
లెక్క సరే. బంతి ఎందుకు లేస్తోందన్నది చెయ్యిలో వెతక్కండి, ముందు ఎడమ కాలు చూడండి. బంతి లేచే కేసుల్లో చాలావాటికి కారణం బారుగా వేసిన అడుగే. అడుగు పెద్దదైతే ఒళ్లు వెనకే ఉండిపోతుంది, నడుం ముందు కాలి మీదికి రాదు, భుజం వెనక్కి వాలి ఉండగానే చెయ్యి బంతిని వదిలేస్తుంది. ఇంకేముంది, ఆకాశంలోకే. పాదాలు భుజాల వెడల్పు కంటే కొంచెం ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి నిలబడండి. బరువు వెనక కాలి మీద కొంచెం ఎక్కువ ఉండాలి. అక్కణ్ణించి ముందడుగు ఆరు అంగుళాలు దాటనక్కర్లేదు. కాలి వేళ్లు లక్ష్యానికి రవ్వంత ఎడమగా ఉండాలి. మరీ కుడికి వేస్తే నడుం బిగుసుకుపోయి చెయ్యి ఒక్కటే కష్టపడుతుంది.

రెండోది ఎడమ భుజం. అది ముందే తెరుచుకుపోతే కుడి చెయ్యి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, బంతి పైకీ కుడికీ పోతుంది. అవుట్ రూట్‌లో కుడి గీత దాటిపోతుంటే అనుమానం లేదు, ఇదే. మూడోది మోచేయి, భుజం గీత కంటే కిందికి జారకూడదు. జారితే బంతిని విసరడం పోయి కిందనుంచి నెట్టడం మొదలవుతుంది.

ఇక వేళ్లు. ఉంగరం వేలు, చిటికెన వేలు లేసుల (బంతి మీది తాడు కుట్లు) మీద. చూపుడు వేలు లేసులు వదిలి మొన వైపు. అరచేతికీ బంతికీ మధ్య సన్నటి సందు కనపడాలి. సందు లేకుండా అదిమి పట్టుకుంటే స్పైరల్ తిరగదు, అంటే బంతి మొన ముందుకి ఉండి బొంగరంలా తిరుగుతూ పోదు. చివర్న బంతిని వదిలేది చూపుడు వేలే. వదిలాక అరచెయ్యి బయటికి తిరిగి, బొటనవేలు ఎడమ తొడ వైపు చూడాలి. బొటనవేలు పైకి చూస్తోందంటే బంతి ఊగుతూ పోతున్నట్టే.

ఒక్క హెచ్చరిక. బంతి పైకి పోతోందని గురి కిందికి దించకండి. అడుగు సరైన రోజు అదే గురి రిసీవర్ కాళ్ల దగ్గర ఇసకలో దిగుతుంది.

చినవాల్తేరు_గాలి:
ఇసక సంగతి ఎవరూ ఎత్తలేదు. మెత్తటి ఇసకలో ముందు కాలు దిగిపోతుంది, బరువు దాని మీదికి రాకముందే చెయ్యి కదులుతుంది. బారుగా అడుగు వేసినప్పటి తప్పే ఇది కూడా. త్రో సరిచూసుకోవడానికి గట్టి నేల వెతుక్కోండి, లేదా అల తగిలి బిగుసుకున్న తడి ఇసక మీద చెయ్యండి. కాళీమాత గుడి దగ్గర నిలబడి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు వేస్తే సముద్రం మీ కుడిపక్కన. సాయంత్రం సముద్రపు గాలి బంతిని రోడ్డు వైపుకి, అంటే ఎడమకి తోస్తుంది. భుజం ముందే తెరుచుకుని కుడికి పోయే త్రోని ఆ గాలి తిరిగి మధ్యకి తెచ్చి తప్పు దాచేస్తుంది. వెనక్కి తిరిగి గుడి వైపు కూడా పది వేస్తే గానీ నిజం బయటపడదు.

బంతి గాలి కూడా చూసుకోండి. ఎన్ఎఫ్ఎల్ కొలత 12.5 నుంచి 13.5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలిచే యూనిట్). ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 13 కొట్టిన బంతి ఎండలో కారు డిక్కీలో 40కి వేడెక్కితే 14.5కి చేరుతుంది. రాయిలా ఉంటుంది, చెమట చేతికి పట్టు దొరకదు. ఆడే చోటికొచ్చాకే గాలి కొలవండి. తువ్వాలు నడుముకి దోపుకోండి.

సీతమ్మధార_7:
అందరికీ థాంక్సండీ. స్లాంట్ సంగతి ఒక్కటి తేల్చండి. అలాగే బీచ్‌లో కొలిచి చూసే పద్ధతేమైనా ఉందా?

మద్దిలపాలెం_కోచ్:
స్లాంట్ వెనక పడటం కోణం తప్పు కాదు, ఆలస్యం. రిసీవర్ మూడో అడుగు నాటి తిరిగేసరికి బంతి చెయ్యి దాటాలి. అతను తిరిగాక, ఖాళీగా ఉన్నాడని చూసుకున్నాక వేస్తే అయిపోయినట్టే. సెకనుకి 18 మీటర్ల వేగంతో వెళ్లే బంతికి పది గజాలు దాటడానికి అర సెకను పడుతుంది. సెకనుకి 7 మీటర్లు పరుగెత్తేవాడు ఈలోపు మూడున్నర మీటర్లు వెళ్లిపోతాడు. 0.2 సెకను తటపటాయిస్తే ఇంకో 1.4 మీటర్లు పోయినట్టే, అది ఆరడుగుల మూడు అంగుళాల చేతికీ అందదు. మనిషికి కాదు, అతను చేరబోయే చోటుకి వెయ్యాలి. ఫ్లాగ్‌లో రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే అవతలి జట్టు ఆటగాడు) ఏడు గజాల వెనక నుంచి బయల్దేరతాడు, కాబట్టి త్వరగా వదలడం ఎలాగూ అలవాటవ్వాలి.

కొలవడానికి వాలీబాల్ వల చాలు. మగవాళ్ల వల పైఅంచు 2.43 మీటర్లు, కిందిఅంచు సుమారు 1.43. పైఅంచుకి జానెడు కింద ఒక రిబ్బన్ కట్టండి. ఇరవై గజాల దూరం నుంచి ఇరవై త్రోలు వెయ్యండి, ఒకరు పక్కన నిలబడి రాసుకోవాలి. వల కిందినుంచి రొమ్ము ఎత్తులో వెళ్లింది మంచి త్రో. వలకి రిబ్బన్ కింద తగిలింది పొట్టాయన చేతులెత్తి పట్టేది. రిబ్బన్‌కీ పైఅంచుకీ మధ్య తగిలింది పొడుగాయన కాపాడేది. అంచు మీద నాలుగు వేళ్లు దాటి పోయింది, గెంతితే తప్ప ఎవరికీ కాదు. పొడుగాయన కాపాడే ఆ మూడో లెక్క ఎక్కువ వస్తున్నన్నాళ్లూ పొడుగాయనకి వేసి సాధన చెయ్యకండి, తప్పు కనపడదు. పొట్టాయనకే వెయ్యండి.

మొదటి వారం కుడి మోకాలు నేల మీద ఆనించి, ఎడమ పాదం ముందు పెట్టి, పది గజాలకి రోజూ ముప్పై. కాళ్లు లేకుండా కూడా బంతి లేస్తుంటే తప్పు మోచేతిలోనో వేళ్లలోనో ఉంది. లేవకపోతే అడుగుదే. ఫోన్ పక్కన భుజం ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో తీసి, ముందు పాదం నేలకి ఆనిన ఫ్రేము దగ్గర ఆపి చూడండి. ఆ క్షణానికి ఎడమ భుజం ఇంకా లక్ష్యం వైపే ఉందా లేదా అన్నది చాలు.

లాసన్స్‌బే_లెక్కలు:
వలకి అవతల చిన్నపిల్లలు ఆడుకోవట్లేదని చూసుకుని వెయ్యండి. 400 గ్రాముల పైచిలుకు బంతి అది, మొన ముందుకి వస్తుంది.