దీపావళి వేడుక: ప్లేట్‌లెట్ల దాతల వంతుల ప్రణాళిక

సమన్వయకర్త:
సేవాదళ సభ్యులందరికీ నమస్కారం. దీపావళి నాడు ఎప్పటిలాగే డాలస్‌లోని హాలు బయట రక్తదాన వాహనం నిలపాలని గత సమావేశంలో అనుకున్నాము. ఈసారి వేడుకలో పేర్లు మాత్రం రాసుకొని, ఆ తరువాత ఆరు వారాల పాటు వారానికి ఆరుగురి చొప్పున ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల) దాతలను రక్తకేంద్రానికి పంపుదామని నా ప్రతిపాదన.

కారణం చెబుతాను. రక్త క్యాన్సర్ రోగికి మూలకణాలు (కొత్త రక్తకణాలను పుట్టించే కణాలు) ఎక్కించే ముందు ఇచ్చే తీవ్రమైన కీమోతో ఎముకలలోని పాత మజ్జ దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. కొత్త కణాలు అక్కడ కుదురుకొని, న్యూట్రోఫిల్స్ (సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు) మైక్రోలీటరుకు 500 దాటి వరుసగా మూడు రోజులు నిలిచే సరికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ప్లేట్‌లెట్లు తరచుగా ఇంకా ఆలస్యం చేస్తాయి. ఆరోగ్యవంతులలో లక్షన్నరకు పైగా ఉండవలసిన ఆ సంఖ్య 10,000 కన్నా తగ్గితే, రక్తస్రావం మొదలుకాకముందే బయటి నుంచి ఎక్కిస్తారు. మా అన్నయ్యకు మూలకణాల మార్పిడి జరిగినప్పుడు వదిన రోజూ తెల్లవారుజామున ఆ అంకె కోసమే మేలుకొని ఉండేది. పన్నెండో రోజున కేంద్రంలో నిల్వ లేదని విన్న ఆ పూట నేను ఇప్పటికీ మరువలేదు. ఎర్రకణాలు 42 రోజులు నిల్వ ఉంటాయి గాని, ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు, మహా అయితే ఏడు రోజులకు పనికిరాకుండా పోతాయి. ఒక్క పండుగనాడు అందరమూ ఇచ్చినంత మాత్రాన మూడో వారంలోని రోగికి అది అందదు.

నమోదు బల్ల బాధ్యురాలు:
అన్నగారూ, ఆరుగురు దొరకడం కష్టమేమో. వేసవి సెలవులకు ఇండియా వెళ్లి ఆగస్టులో తిరిగివచ్చిన వారిలో చాలామంది, మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్లివచ్చిన రక్తదాతల నిబంధన ప్రకారం, మూడు నెలలు ఆగాలి. అక్కడే పెరిగి, అమెరికా వచ్చి మూడేళ్లు నిండని విద్యార్థులకైతే ఇంకా ఎక్కువ కాలం. పోయినసారి వరుసలో గంటసేపు నిలబెట్టి వెనక్కి పంపితే వారు ఎంతో చిన్నబుచ్చుకున్నారు.

సమన్వయకర్త:
చెల్లెమ్మా, మీరన్నది సబబు. ప్రయాణం సంగతి పేరు రాసుకునేటప్పుడే అడుగుదాము; ఆగస్టులో వచ్చినవారిని నవంబరు చివరి వారాలకు వేద్దాము. విద్యార్థులను మాత్రం నిరాశపరచనక్కరలేదు, 18 నుంచి 40 ఏళ్ల వారు బుగ్గ లోపలి నమూనా ఇచ్చి మూలకణ దాతలుగా నమోదు కావచ్చు. అమెరికా జాతీయ నమోదు సంస్థ లెక్కల్లో పూర్తిగా సరిపోలే దాత దొరికే అవకాశం శ్వేతజాతీయులకు 79 శాతం, ఆసియా, పసిఫిక్ ద్వీప మూలాల వారికి 47 శాతం. కణజాల గుర్తులు వంశాన్ని బట్టి వస్తాయి కనుక మనవారికి సరిపోలేవారు ఎక్కువగా మనవారిలోనే దొరుకుతారు. అయితే పిలుపు వచ్చిన రోజున వెనకడుగు వేయనివారే నమోదు కావాలని ఆ బల్ల దగ్గర స్పష్టంగా చెప్పండి. కీమో మొదలయ్యాక దాత మనసు మార్చుకుంటే రోగి ప్రాణానికే ముప్పు.

ప్లేట్‌లెట్ల దానానికి కుర్చీలో రెండు మూడు గంటలు పడుతుందనీ, ముందు 48 గంటలు ఆస్పిరిన్ వేసుకోరాదనీ గుర్తుచేసే సందేశం ఎవరు రాస్తారో ఆదివారంలోగా తెలియజేయగలరు.