అండమాన్ ప్రయాణానికి ఏ సెలవులు మేలు: దసరా, సంక్రాంతి, వేసవి?

మర్రిపాలెం వాసి:

అందరికీ నమస్కారం. నేను, నా భార్య, ఎనిమిది, నాలుగు తరగతులు చదువుతున్న ఇద్దరు పిల్లలు, డెబ్బై ఏళ్లకు దగ్గర పడుతున్న మా అమ్మగారు కలిసి ఒక వారం అండమాన్ దీవులకు వెళ్లి రావాలని అనుకుంటున్నాము. పిల్లల బడి సెలవులను బట్టే మేము కదలాలి కనుక మాకు మూడే అవకాశాలు ఉన్నాయి: దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, లేదా ఏప్రిల్ చివర మొదలయ్యే వేసవి సెలవుల్లో తొలి పది పన్నెండు రోజులు. దసరాకు నాకు ఆఫీసులో సెలవు తేలికగా దొరుకుతుంది, హోటళ్ల అద్దెలు కూడా అందుబాటులో ఉంటాయి. సంక్రాంతికి అన్నీ ప్రియమే కాక, పండుగ మూడు రోజులూ విజయనగరం దగ్గర మా సొంత ఊళ్లోనే ఉండాలని అమ్మగారి పట్టుదల.

ఎక్కడ చదివినా అక్టోబరు నుండి మే వరకు అనుకూలమైన కాలమని ఒకే మాట కనిపిస్తున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను కళ్లారా చూసిన విశాఖవాసికి ఆ మాట అంత సులువుగా మింగుడుపడదు. శ్రీవిజయపురం, అంటే 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్ అని పిలిచిన పట్టణంతో పాటు, మనం ఇంకా హేవ్‌లాక్, నీల్ అనే పాత పేర్లతోనే చెప్పుకుంటున్న స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ రెండూ చూడాలని మా కోరిక. అమ్మగారికి పడవ ఊగితే వాంతులవుతాయి. పిల్లలకేమో మన రేవు నుండి ఓడలోనే వెళ్లాలని ఉబలాటం. ఇవన్నీ ఆలోచించి, అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

పోర్టు విశ్రాంత ఉద్యోగి:

నమస్కారమండి. అనుకూలమైన కాలమని రాసేవారు ఎక్కువగా వాననే లెక్కలోకి తీసుకుంటారు. మీరు వానను రెండో స్థానంలో పెట్టి, ముందు గాలిని చూడండి. వాన కురిస్తే తడుస్తాము, గంటసేపు ఏ పంచనో నిలబడి మళ్లీ బయలుదేరుతాము. గాలి లేస్తే మాత్రం జెట్టీ నుండి పడవే కదలదు, మీరు డబ్బు కట్టిన హోటలు అవతలి దీవిలో ఉండిపోతుంది.

కేరళను జూన్ 1 ప్రాంతంలో తాకే నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రాన్ని మామూలుగా మే 20 ప్రాంతంలోనే పలకరిస్తాయి. 2025లో మరీ ముందుగా మే 13నే చేరాయి. అక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, అంటే మన విశాఖకు ఇంచుమించు మూడింతలు కురుస్తుంది; అందులో సింహభాగం మే నుండి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. ఆ నెలలన్నీ గాలి నైరుతి నుండి ఎడతెగకుండా వీస్తుంది కనుక, స్వరాజ్ ద్వీప్‌లో పడమటి ముఖంగా ఉండే రాధానగర్ తీరంలో అలలు పెద్దవై నీటిలోకి దిగనివ్వరు. మీరు ఆ నెలల్లో వెళ్లడం లేదు కాబట్టి దాని సంగతి ఇంతటితో వదిలేద్దాము.

అసలు ఆలోచించవలసినది అక్టోబరు, నవంబరు, డిసెంబరు తొలి సగం. నైరుతి గాలి తగ్గి ఈశాన్య గాలి స్థిరపడే ఆ సంధికాలంలో సముద్రపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది, అల్పపీడనాలు అండమాన్ సముద్రంలోనే పుడతాయి, లేదా తూర్పున థాయ్‌లాండ్ వైపు నుండి వచ్చి అక్కడ బలం పుంజుకుంటాయి. మీరు చెప్పిన హుద్‌హుద్ అక్టోబరు 8న తుపానుగా మారి, అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర దీవులను దాటి, ఆ తరువాతనే మన మీదకు వచ్చింది. మన రేవులో ప్రమాద సూచిక ఎగరేసే నాటికి అండమాన్‌వారు దాన్ని అనుభవించి ఉంటారు. ఈ వరుస తెలిస్తే ఒక సంగతి అర్థమవుతుంది: మనకు మూడు నాలుగు రోజుల ముందు హెచ్చరిక దొరికే తుపాను, అక్కడ ఉన్న యాత్రికుడికి తొలి దశలోనే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల వ్యవధిలోనే ఎదురవుతుంది. 2013 నవంబరులో లెహర్ అచ్చంగా పోర్ట్‌బ్లెయిర్ దగ్గరే దీవులను దాటింది. మచిలీపట్నం చేరేసరికి నీరసించిపోయింది కనుక మనలో చాలామందికి దాని పేరే గుర్తు లేదు. 2016 డిసెంబరు తొలి వారంలో, తరువాత వార్దాగా పేరు పొందిన వాయుగుండం వల్ల వెయ్యిమందికి పైగా యాత్రికులు హేవ్‌లాక్, నీల్‌లలో చిక్కుకుంటే, నౌకాదళం, తీర రక్షక దళం ఓడలు పంపి వారిని బయటకు తీసుకురావలసి వచ్చింది.

జనవరిలో ఇటువంటివి అరుదు. పూర్తిగా ఉండవని చెప్పలేను. 2019 జనవరిలో పబుక్ తుపాను థాయ్‌లాండ్ దాటి అండమాన్ దాకా వచ్చి అక్కడ బలహీనపడింది. అయినా మీరు చెప్పిన మూడింటిలో నేను సంక్రాంతి సెలవులనే ఎంచుకుంటాను. ఒక్క హెచ్చరిక మాత్రం అమ్మగారి కోసం: జనవరిలో వాన తక్కువే కాని ఈశాన్య గాలి ఒక మోస్తరుగా వీస్తూనే ఉంటుంది, సముద్రం మార్చి, ఏప్రిల్ నెలలంత నిలకడగా ఉండదు.

బీచ్ రోడ్డు:

పై పెద్దాయన చెప్పిన ప్రమాదాన్ని కాదనను, కాని దసరాను పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. మేము వెళ్లింది అక్టోబరులోనే. అడవి ముదురు ఆకుపచ్చగా కడిగినట్లు ఉంది, రాధానగర్‌లో జనం పలుచగా ఉన్నారు, మధ్యాహ్నం ఒక జల్లు కురిసి వెలిసిపోయేది. అయితే షహీద్ ద్వీప్‌లో ఉండగా వాయుగుండం వార్త వచ్చింది, పడవలు ఆగిపోయాయి, తిరుగు విమానం తప్పిపోయింది. మాకు టిక్కెట్లు ఇచ్చిన ప్రైవేటు సంస్థ రద్దయిన పడవ డబ్బు తిరిగి ఇవ్వడానికి నెలల తరబడి తిప్పించుకుంది, కొత్త విమాన టిక్కెట్లకు మా చేతి డబ్బు పడింది. దీవిలో భయం లేదు, తిండికి లోటు లేదు, హోటలువారు ఆదరంగానే చూసుకున్నారు. కాని సెలవు పొడిగించుకోలేని ఉద్యోగమైతే ఆ ఆందోళన అంతా ఇంతా కాదు. దంపతులు ఇద్దరే వెళ్లేటట్లయితే అక్టోబరు చవకగా దొరికే మంచి నెల. పెద్దావిడతో, బడి పిల్లలతో అయితే ఆలోచించుకోవాలి.

ద్వారకానగర్ యాత్రల నిర్వాహకురాలు:

నమస్కారం. ఈ ఊరి నుండి కుటుంబాలను దీవులకు పంపించడం నా వృత్తి కనుక ఏర్పాట్ల వైపు నుండి చెబుతాను. ఏ నెలలో వెళ్లినా ప్రయాణ క్రమంలో ఒక నియమం పాటించండి: దూరపు దీవులను ముందు పెట్టుకుని, శ్రీవిజయపురాన్ని చివరికి ఉంచుకోండి. దిగిన మరునాడే ఉదయపు పడవలో స్వరాజ్ ద్వీప్, అక్కడ నుండి షహీద్ ద్వీప్, ఆ తరువాత తిరిగి పట్టణం. విమానానికి ముందు కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పట్టణంలోనే గడపాలి. సెల్యులార్ జైలు, రాస్ దీవి, మ్యూజియంలు ఆ చివరి రోజుల్లో చూడవచ్చు. ఒక రోజు పడవ ఆగినా మీకు జైలు చూసే పూట తగ్గుతుందే కాని విమానం తప్పదు. చాలామంది దీనికి తలక్రిందులుగా వేసుకుని, చివరి రోజు ఉదయం షహీద్ ద్వీప్‌లో నిద్ర లేచి మధ్యాహ్నపు విమానం అందుకోవాలని చూస్తారు. నా దగ్గరకు వచ్చేవారిని నేను అలా వెళ్లనివ్వను.

అమ్మగారి విషయంలో ఉదయపు మొదటి పడవే తీసుకోండి, సాధారణంగా గాలి పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది. ప్రైవేటు పడవలు స్వరాజ్ ద్వీప్‌కు గంటన్నరకు అటూఇటూగా చేరుస్తాయి, ప్రభుత్వ పడవకు ఇంకో గంట పడుతుంది. ప్రైవేటు పడవలో అన్ని వైపులా అద్దాలు బిగించి ఉంటాయి కనుక ఊగినప్పుడు తల తిరగడం ఎక్కువ. మధ్య వరుసల్లో, కింది అంతస్తులో, పడవ వెనుక భాగానికి దగ్గరగా కూర్చోబెట్టండి. వాంతుల మాత్ర ఎక్కే ముందు అరగంటకే వేయాలి, ఊగడం మొదలయ్యాక వేస్తే ఉపయోగం ఉండదు. ఏ మాత్ర అన్నది మీ వైద్యుణ్ణి అడిగే వేయండి.

ఇంకొక సంగతి, జనవరిలో అక్కడ సాయంత్రం ఐదుంపావు ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. గడియారం మనదే అయినా దీవులు మనకంటే బాగా తూర్పున ఉన్నాయి. మన ఊళ్లో ఐదు గంటలకు తీరికగా బీచికి బయలుదేరే అలవాటుతో రాధానగర్ చేరితే చీకటే కనిపిస్తుంది. రోజును ఉదయం ఐదున్నరకే మొదలుపెట్టండి.

వండూరు నుండి వెళ్లే జాలీబాయ్ దీవి వానాకాలంలో మూసి ఉంటుంది, అప్పుడు యాత్రికులను దానికి బదులు రెడ్‌స్కిన్ దీవికి తీసుకువెళతారు. జనవరిలో మీకు జాలీబాయ్ దొరుకుతుంది; అక్కడికి ప్లాస్టిక్ సీసాలు, సంచులు తీసుకువెళ్లనివ్వరు కాబట్టి స్టీలు సీసాలు సర్దుకోండి.

మర్రిపాలెం వాసి:

అందరికీ కృతజ్ఞతలు. సంక్రాంతి వైపే మొగ్గుతున్నాము. కనుమ నాడు సాయంత్రం ఊరి నుండి విశాఖ చేరి, మరునాడు బయలుదేరితే అమ్మగారి మాటా దక్కుతుంది. సెలవులు చాలని మూడు నాలుగు రోజులకు బడిలో అనుమతి తీసుకుంటాము. వేసవి గురించి, ఓడ గురించి ఎవరైనా ఒక మాట చెబితే సందేహం పూర్తిగా తీరుతుంది.

పోర్టు విశ్రాంత ఉద్యోగి:

ఏప్రిల్ చివరి వారంలో సముద్రం చక్కగా ఉంటుంది, నీటి అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ, ఉక్కపోత మాత్రం అమ్మగారిని ఇబ్బంది పెడతాయి, మే నెల మొదలైతే మధ్యాహ్నపు ఉరుముల వానలు, ఒక్కోసారి తుపానులు కూడా ఉంటాయి. నీరు మితిమీరి వేడెక్కిన 2010, 2016 వేసవుల్లో అక్కడి పగడపు దిబ్బలు తెల్లబారి చాలా నష్టపోయాయి కనుక, పగడాల కోసమే వెళ్లేవారు ఆ నెలలను నమ్ముకోకపోవడం మంచిది. పిల్లలకు సముద్రంలో దిగడమే ముఖ్యమైతే వేసవి మీకు రెండో ఎంపిక కావచ్చు.

ఓడ విషయంలో పిల్లల ఉత్సాహం నాకు బాగా అర్థమవుతుంది, నేనూ ఆ ఓడలను రేవులో చూస్తూ పెరిగినవాణ్ణే. కాని మన రేవు నుండి నెలకు ఒకసారి, అటూఇటూగా మాత్రమే బయలుదేరుతుంది, తేదీలు ముందు ప్రకటించినా మారుతుంటాయి, సుమారు 1200 కిలోమీటర్ల దూరానికి రెండున్నర రోజులకు దగ్గరగా పడుతుంది. పడకల విభాగంలో వరుసల మధ్య ఇరుకు, ఇంజను మోత, డీజిల్ వాసన ఉంటాయి. క్యాబిన్ తీసుకుంటే కొంత సుఖం. జనవరిలో ఎదురుగాలి కాకున్నా పక్కగాలి తగిలి ఓడ పక్కలకు ఒరుగుతూ పోతుంది. పడవ పడనివారికి రెండున్నర రోజులు ఆ ఊపు చాలా కష్టం. వారం సెలవులో రాకపోకలకే ఐదు రోజులు పోతాయి కూడా. పిల్లలు పెద్దవాళ్లయ్యాక వారిని తండ్రితో ఒకసారి ఓడలో పంపండి. ఈసారికి చెన్నై మీదుగానో, హైదరాబాద్ మీదుగానో విమానమే మేలు.

బయలుదేరే వారం ముందు నుండి వాతావరణ శాఖ వారి తుపాను సూచనలతో పాటు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల ఎత్తు సూచన కూడా రోజూ చూడండి. మన మత్స్యకారులు వేటకు వెళ్లే ముందు చూసేది దాన్నే.

ఉక్కునగరం:

దసరాకో వేసవికో తప్ప కదలలేని ఇతర పాఠకుల కోసం ఒక మాట చేరుస్తాను. గాలి ఒక తీరాన్ని తడిపే కాలంలో కొండలకు అవతలి తీరం పొడిగా ఉంటుంది. శ్రీలంకలో నైరుతి కాలం నడిచే మే నుండి సెప్టెంబరు వరకు పడమటి తీరం ముసురు పట్టి ఉంటే తూర్పున ఉన్న ట్రింకోమలీలో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో ఫుకెట్‌కు వానలు పట్టే జూలైలో, అవతలి సింధుశాఖలోని సముయి చాలావరకు పొడిగా ఉంటుంది. సముయికి పెద్ద వానలు నవంబరులో. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కనుక అక్కడ ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు పొడి కాలం, మన సంక్రాంతికి అక్కడ జోరువాన. లక్షద్వీప్ వైపు జూన్ నుండి సెప్టెంబరు వరకు చూడవద్దు.

ద్వారకానగర్ యాత్రల నిర్వాహకురాలు:

మర్రిపాలెం వాసి గారూ, తేదీలు ఖాయం చేసుకునే ముందు షహీద్ ద్వీప్‌లో మీరు ఉండే రోజులకు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. లక్ష్మణ్‌పూర్ తీరంలోని సహజ శిలా వంతెన దగ్గరకు ఆటు వేళ మాత్రమే నడిచి వెళ్లగలరు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడినప్పుడు నీరు మరింత దూరం తగ్గుతుంది. నీరు తగ్గిన చోట చచ్చిన పగడపు రాళ్ల మధ్య చిన్న గుంటల్లో వేలెడు నీలి చేపలు, వేలు పెడితే ముడుచుకుపోయే జీవులు, నల్లటి సముద్ర దోసకాయలు కనిపిస్తాయి. పిల్లలు అక్కడి నుండి ఒక పట్టాన రారు. రాళ్ల మీద నాచు జారుతుంది కాబట్టి హవాయి చెప్పులతో వెళ్లనివ్వకండి, వెనుక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కావాలి. అమ్మగారిని పైన కొబ్బరి బొండాల దుకాణాల దగ్గర నీడలో కూర్చోబెట్టండి. నీరు తిరిగి వస్తున్నదని గైడు చెప్పగానే వెనక్కు బయలుదేరండి, పోటు వేళకు ఆ దారి మునిగిపోతుంది.

శ్రీవిజయపురంలోని జంగ్లీఘాట్‌లో మన ఉత్తరాంధ్ర నుండి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. అమ్మగారికి మన భాషలో పలకరింపు, మన తిండి కావాలనిపిస్తే చివరి రోజు అటు తీసుకువెళ్లండి.