పికప్ మీద క్యాంపర్ పెట్టె: చలికాలంలో మైలేజీ పడిపోయేది దేనివల్ల?

హనుమకొండ పికప్:
అందరికీ నమస్తే. మా డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్ వెనక ఇద్దరు పడుకునే పెట్టె కట్టించాను. ఇనుప పైపుల ఫ్రేము, పైన అల్యూమినియం రేకు, లోపల థర్మాకోల్, ప్లైవుడ్. 350 కిలోలు తూగింది. క్యాబిన్ కంటే రెండడుగులు ఎత్తు. పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో జరిగే గోండుల నాగోబా జాతరకు కరీంనగర్, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూర్ మీదుగా వెళ్లొచ్చాం. మొత్తం 520 కి.మీ. తిరిగితే 58 లీటర్లు పట్టింది. లీటరుకు 9 కూడా సరిగ్గా రాలేదు. పెట్టె లేనప్పుడు ఇదే బండి 13 ఇచ్చేది. మెకానిక్ చలి వల్ల అంటున్నాడు. మా బావ అయితే పెట్టె అమ్మెయ్యమంటున్నాడు. మీరేమంటారు?

ఆటోనగర్ వెల్డర్:
బరువే అన్నా. పెట్టె 350, నీళ్ల డ్రమ్ము, గ్యాస్, పరుపులు, మనుషులు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగి, మళ్లీ అంతా లాగాలి. ఇనుము తీసి అల్యూమినియం సెక్షన్ వేయించు, వంద కిలోలు తగ్గుతుంది.

కాజీపేట రైల్వే:
వెల్డర్ అన్న మాట ఊళ్లలో, ఘాట్లో నిజం. చదును రోడ్డు మీద మాత్రం అసలు శత్రువు గాలి. వేగం 60 నుంచి 80కి పెరిగితే గాలి అడ్డుకునే బలం ఒకటిన్నర రెట్లు దాటి, దాదాపు 1.8 రెట్లవుతుంది. క్యాబిన్ మీద రెండడుగుల నిలువు గోడ లేపి దాన్ని గాలికి ఎదురు తోస్తున్నారు. చలికీ కొంత వాటా ఉంది. 10 డిగ్రీల గాలి 40 డిగ్రీల గాలి కంటే సుమారు పది శాతం చిక్కగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా డీజిల్ ఎక్కువ తాగుతుంది. టైర్లు చూశారా? మధ్యాహ్నం ఎండలో గాలి కొట్టిస్తే, తెల్లారేసరికి ఆ చలికి మూడు నాలుగు పాయింట్లు తగ్గుతుంది. ఇంతకీ ఎంత వేగంతో వెళ్లారు?

హనుమకొండ పికప్:
కరీంనగర్ రోడ్డు మీద 90, 95. జన్నారం దాటాక అడవి కాబట్టి 50. టైర్లు చూడలేదు.

జగిత్యాల కారు:
లెక్క చూద్దాం. నా డీజిల్ కారు 18 ఇస్తుంది. 520 కి.మీ.కు 29 లీటర్లు. మీకు 58. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 2,700 పైన తేడా. ఆ డబ్బుతో రెండు రాత్రులు లాడ్జిలో వేడినీళ్లతో ఉండొచ్చు. పెట్టె కట్టించిన ఖర్చు వేరే. ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలకు ఇది గిట్టుబాటు కాదు. మీ బావ చెప్పిందే సరైంది.

హనుమకొండ పికప్:
అమావాస్య రాత్రి గోండుల్లోని మెస్రం వంశీయుల మహాపూజ చూసి, ఆ చలిలో ఆదిలాబాద్ దాకా పోయి లాడ్జి తలుపు కొట్టాలా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పూజ అయ్యాక పది అడుగులు నడిచి పెట్టెలో పడుకుంది. పొద్దున లేచి పెట్టె మెట్టు మీద కూర్చుని చాయ్ తాగుతూ, "ఏళ్ల తర్వాత జాతర మొత్తం చూసిన బిడ్డా" అంది. ఇది 2,700లో కొలిచేది కాదు. నేను పెట్టె అమ్మను. మైలేజీ ఎలా పెంచాలో చెప్పండి చాలు.

ఉట్నూర్ టీచర్:
మైలేజీ పక్కన పెట్టి ఒక మాట వినండి. రాత్రి వెచ్చదనానికి ఏం చేశారు? నేను అడగడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద మేమిద్దరం ఇలాంటి పెట్టెలోనే కుంపటి పెట్టుకుని, కిటికీ మూసి పడుకున్నాం. మూడింటికి మా ఆవిడ వాంతి వచ్చినట్టుందని లేచింది. నాకు తల పగిలిపోతోంది, లేవాలంటే కాళ్లు రావట్లేదు. ఆమె తలుపు తన్ని తెరవబట్టి బతికాం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకున్నా ప్రమాదం అదే, పైగా గంటకు అర లీటరు దాకా డీజిల్ దండగ. మన దగ్గర చలి పదికి దిగినా రెండు రజాయిలు, ఒక గొంగడి చాలు. రెండు వైపులా వేలెడు సందు తెరిచి ఉంచండి. లేదంటే ఊపిరి తేమ రేకుకు పట్టి, తెల్లవారుజామున చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడుతుంది.

ఇంకొకటి, డీజిల్ గడ్డకడుతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. మైనస్ 33 డిగ్రీల దాకా పనికొచ్చే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం తెచ్చింది. మనకు దాని అవసరం లేదు.

ములుగు రోడ్:
పెట్టె బోల్టులతో విప్పేలా ఉందా? శాశ్వతంగా వెల్డింగ్ చేస్తే బండి రూపం మార్చడం గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద చిక్కు వస్తుంది. బండి నడిచేటప్పుడు పెట్టెలో ఎవరినీ కూర్చోబెట్టకండి.

హనుమకొండ పికప్:
బోల్టులే అన్నా. నడిచేటప్పుడు అందరం క్యాబిన్లోనే. టీచర్ గారూ, మేం కుంపటి పెట్టలేదు, కానీ ఇంజన్ గంటన్నర ఆన్‌లో ఉంచాం. ఇక ఉంచం.

నిన్న తాడ్వాయి వెళ్లొచ్చాను. అదే పెట్టె, అదే సామాను. పొద్దున బండి తీసే ముందే టైర్లు చూస్తే నాలుగు పాయింట్లు తక్కువ, సరిచేయించాను. స్పీడు 70 దాటనివ్వలేదు. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కు 182 కి.మీ., 16.5 లీటర్లు. అంటే 11.

కాజీపేట రైల్వే:
ఒక్క కిలో దించకుండా రెండు పెరిగింది! ఆ ముందు గోడకు ఏటవాలు రేకు కూడా వేయించి చూడండి.

ఆటోనగర్ వెల్డర్:
ఒప్పుకుంటున్నా. ఆదివారం బండి తీసుకురా అన్నా, ముందు వైపు కొలతలు తీసి రేకు వంచుదాం. ఇనుప పైపుల సంగతి మాత్రం వదలను.