ఈ వారం సమస్య: "ఖాళి ట్యాంకుతోడ కారు నడిచె"

పృచ్ఛకుడు (తిరుపతి): ఆటవెలది నాలుగో పాదం. పాత అంబాసిడర్, ట్యాంకులోని పెట్రోలు మట్టాన్ని గేజీకి తెలిపే సెండర్, దాన్ని మార్చే పని: వీటి చుట్టూ పూరించండి.

చిత్తూరు టీచర్: "ఖాళి ట్యాంకు"లో ళి గురువు కాదా అండీ?

పృచ్ఛకుడు: కాదమ్మా. సంస్కృత సమాసం కాదు, విడి మాటలు. లఘువే.

రేణిగుంట మెకానిక్:
చిల్లి పడిన బుడ్డి చేరె నడుగునకు
ముల్లు వాలె, ట్యాంకు మూతిదాక
నిండి యుండ, చూచి నివ్వెరపోయిరి
"ఖాళి ట్యాంకుతోడ కారు నడిచె!"

పృచ్ఛకుడు: అన్నా, ఇది అసలైన పూరణ! సెండర్ తీగ తెగిందని రాసుంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. తీగ తెగితే కొన్ని గేజీల్లో ముల్లు ఖాళీ దగ్గర పడుతుంది, కొన్నింటిలో నిండు దాకా లేస్తుంది. పెట్రోలు మీద తేలే సెండర్ ఇత్తడి బుడ్డిలోకి పెట్రోలు దూరి మునిగితే మాత్రం ఏ గేజీ అయినా ఖాళీ అనే అంటుంది. చిల్లి, ముల్లు ప్రాస అడగకుండానే వచ్చిన అందం. "నివ్వెరపోయిరి"కి కర్త లేకపోవడం ఒక్కటే లోటు.

చంద్రగిరి అక్క:
కొండ దిగెడు వేళ గుటకైన లేదాయె
వాలు చాలు, గేరు వలదటంచు
అలిపిరి కడదాక నాగక జారుచు
ఖాళి ట్యాంకుతోడ కారు నడిచె

రేణిగుంట మెకానిక్: "గుటకైన" చాలా బాగుందక్కా. కానీ ఘాట్ రోడ్డులో గేరు తీసి దిగొద్దు. ఇంజిన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడి డ్రమ్ములు కాలిపోతాయి. సెండర్ ఊసే లేదు కూడా.

తిరుచానూరు మాస్టారు:
ట్యాంకు వంచి తోడి డబ్బాకు పట్టితి
పంపు గొట్టమందు బాగ దింపి
వీధి చివర వరకు వెళ్ళి తిరిగి వస్తి
ఖాళి ట్యాంకుతోడ కారు నడిచె

పృచ్ఛకుడు: ట్యాంకు నిజంగానే ఖాళీ, కారు నిజంగానే నడిచింది. సమస్యను ఇంత సూటిగా విప్పినవారు లేరు. ట, డ యతి కూడా చక్కగా కుదిరింది.

రేణిగుంట మెకానిక్: మాస్టారూ, వేడి ఇంజిన్ పక్కన డబ్బా పెట్రోలంటే నిప్పుతో ఆట. దయచేసి పద్యం వరకే ఉంచండి.

తిరుచానూరు మాస్టారు: సరే నాయనా. మరి తప్పు సెండర్‌దో, గేజీదో తేలేదెట్లా?

రేణిగుంట మెకానిక్: సెండర్ తీగ ఊడదీసి, పెట్రోలు ఆవిరి లేనిచోట బాడీకి తాకించి చూడండి. ముల్లు ఈ కొసనుంచి ఆ కొసకు పోతే గేజీ మంచిదే. సెండర్ ఎర్తు (బాడీతో కలిపే జోడింపు) కూడా చూడండి, తుప్పుతో అది తెగినా తీగ తెగినట్టే. రెండూ బాగుంటే ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ తీగ విప్పి, సెండర్ మార్చండి. గ్యాస్కెట్ కొత్తదే వేయాలి. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి పాత సెండర్ పారేయకండి. బుడ్డి చిల్లి ఒక్కటే అయితే కొత్త బుడ్డి వేసుకోవచ్చు.