సమస్యాపూరణం: "తలను నరికినంత తనువు కదలె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. బైకు సైలెన్సర్ ఇంట్లోనే విప్పబోయి బోల్టు దగ్గర ఇరుక్కుపోయిన మన కొత్త మెకానిక్ గారి పుణ్యమిది. బోల్టు మీదే పూరించాలన్న నియమం లేదు.

కొత్త మెకానిక్:

తుప్పు పట్టి బోల్టు తొలగక నిలువంగ
గ్రైండ రెత్తి తలను కాస్త కోసి
పట్టకారు వేసి పైపైన తిప్పగా
తలను నరికినంత తనువు కదలె

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి. గ్రై–కా కూడా చెల్లుతుంది. కానీ తలను "కాస్త" కోయడమేమిటండీ? యతి కోసం వచ్చిన మాట అది. పైగా తల రెండు పాదాల్లో తెగింది. "గ్రైండ రందుకొంటి కడకు నేను" అంటే రెండు చిక్కులూ తీరతాయి. విషయం మాత్రం నిజమే. బిగించిన బోల్టు లోలోపల సాగి ఉంటుంది. తల పోగానే ఆ బిగువు పోయి ఫ్లాంజ్ (పైపును ఇంజిన్‌కు బిగించే అంచు పట్టీ) ఊడొస్తుంది, మిగిలిన కాడ పట్టుకు దొరుకుతుంది. రవ్వలు లేవకముందే పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టారనే అనుకుంటున్నాను!

పురాణప్రియుడు:

అమృత మారగించు నసురుని చక్రమ్ము
హరి విసరగ రాహు వయ్యె శిరము
కేతు వనెడి పేర గీర్వాణ పథమున
తలను నరికినంత తనువు కదలె

నిర్వాహకుడు: రాహుకేతువులు వస్తారని తెలుసు. మూడో పాదం ధార బాగుంది. "అసురుని చక్రమ్ము విసరగ" దగ్గర అన్వయం కుంటింది. "అసురునిపై" అంటే గణం చెడుతుంది, ఆలోచించండి.

వెల్డింగ్ మిత్రుడు:

లోన విరిగి యున్న లోహపు ముక్కకు
నట్టు వెల్డు చేయ నాకు వచ్చె
కొత్త తలయె దిక్కు కోయుట దండగ
తలను నరికినంత తనువు కదలె?

నిర్వాహకుడు: భేష్! ఒక్క ప్రశ్నార్థకంతో సమస్యనే తిప్పికొట్టారు. "దండగ" లాంటి వాడుక మాట ఆటవెలదికి నప్పింది.

కొత్త మెకానిక్: లోపల విరిగితే డ్రిల్ చేసి ఈజీ అవుట్ (విరిగిన ముక్కను లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) పెట్టొచ్చు కదా?

వెల్డింగ్ మిత్రుడు: తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టుకు నేనైతే పెట్టను. ఈజీ అవుట్ గట్టిదే గానీ పెళుసు. అదీ లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు. నట్టు వెల్డు చేస్తే ఆ వేడికే తుప్పు పట్టు సడలుతుంది, చల్లారాక ముందుకూ వెనక్కీ ఆడిస్తూ తిప్పాలి. వెల్డింగ్ అందుబాటులో లేకపోతే బోల్టు దిగి ఉన్న ఇంజిన్ హెడ్‌ను వేడి చేయండి. హెడ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు 2 రెట్లు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వదులవుతుంది. నూనె స్ప్రే కొట్టిన చోట వెంటనే మంట పెట్టకండి. డ్రిల్ తప్పదంటే సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి, ఎడమవైపు తిరిగే బిట్ వాడండి. అది తిరిగేది విప్పే వైపే కనుక ఒక్కోసారి ముక్క దానంతటదే బయటికొస్తుంది.

పురాణప్రియుడు: సవరణ: "అమృత మారగించు నసురుపై చక్రమ్ము".

నిర్వాహకుడు: ఇప్పుడు గణమూ నిలిచింది, అన్వయమూ కుదిరింది.