మూడు వారాలే ఉంది, అనంతగిరి ఘాట్‌తో 200 కి.మీ. బీఆర్ఎమ్ (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం). వెళ్ళాలా, మానాలా?

లెక్కల_మాస్టారు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు. పొడుగైతే ఏమనుకోకండి, నలభై అయిదు నిమిషాల పీరియడ్‌కి అలవాటు పడ్డ ప్రాణం.

వయసు 44, బరువు 78. విశాఖ శివార్లలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బడికి రోజూ సైకిలే, పోను 9, రాను 9. ఆదివారం కుదిరితే ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్ళి వస్తాను. అది 50 పైచిలుకు. ఒక్కరోజులో అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ తొక్కలేదు.

రెండు నెలల కిందట స్టాఫ్‌రూమ్‌లో నోరు జారాను. డ్రిల్లు మాస్టారు "మీ వల్ల ఏమవుద్దండీ" అన్నాడు, నేను ఆ రాత్రే 200 బీఆర్ఎమ్‌కి డబ్బు కట్టేశాను. రెండు నెలలూ గట్టిగా తొక్కుదామనుకున్నాను. తుపాను వానలు కొన్నాళ్ళు, పరీక్ష పేపర్లు కొన్నాళ్ళు, మా అమ్మాయికి జ్వరం ఒక వారం. ఇప్పుడు సరిగ్గా మూడు వారాలుంది.

రూట్ ఇది. ఉదయం 5కి విశాఖలో మొదలు. ఎస్.కోట వైపు 54 కి.మీ. మంచి రోడ్డు. తర్వాత 11 కి.మీ. ఊళ్ళ మధ్య మట్టీ కంకరా (ఇది వెళ్ళేటప్పుడు మాత్రమే). అక్కణ్ణించి కాశీపట్నం, టైడా, అనంతగిరి, గాలికొండ ఘాట్. సరిగ్గా 100 దగ్గర కంట్రోల్ (గడువులోగా చేరి కార్డు మీద ముద్ర వేయించుకునే చోటు). మళ్ళీ వెనక్కి. మొత్తం 13 గంటల 30 నిమిషాలు.

200ని 13.5తో భాగిస్తే 14.8 వస్తుంది. భీమిలి రోడ్డు మీద నాది 22 ఉంటుంది కాబట్టి లెక్కలో తేలికే. కానీ తేలిక లెక్కల్లోనే పిల్లలు తప్పు చేస్తారని నాకు తెలుసు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి. సైకిల్ మామూలు హైబ్రిడ్, ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఎనిమిది, టైర్లు 35 మి.మీ. వెడల్పు. బీపీకి మాత్ర వేసుకుంటాను.

టైర్‌లీవర్:

మాస్టారూ, ముందు ఆ బీపీ సంగతి మీ డాక్టరుకి చెప్పండి. ఫలానా రోజు పదమూడు గంటలు తొక్కబోతున్నానని చెప్పి, ఆయన సరే అంటేనే మిగతాది. రూట్ కఠినమైనదే. డబ్బు పోతే పోయింది, వచ్చే ఏడాది తొక్కుదురు గాని. ఇది నా మాట, మిగతావాళ్ళు తిడతారు.

గాలికొండ_రిటర్న్:

టైర్‌లీవర్ చెప్పిన డాక్టరు సంగతి నిజమే, రెండోది మాత్రం నేనొప్పుకోను. రోజూ 18 కి.మీ. బడికి తొక్కే మనిషి "ట్రైనింగ్ లేదు" అంటే ఎలా మాస్టారూ? వారానికి 90కి తక్కువ కాదు. ఏసీ గదిలో ట్రైనర్ (సైకిల్ కదలకుండా తొక్కే స్టాండు) మీద తొక్కేవాళ్ళకి చాలామందికి అంత ఉండదు.

తప్పు ఎక్కడంటే, మీరు 200ని భాగించారు. భాగించాల్సింది మొదటి 100ని. మీ కార్డు చూసుకోండి, ఆ కంట్రోల్ మూసే టైము 11.40 అని ఉండాలి. 100ని 15తో భాగిస్తే 6 గంటల 40 నిమిషాలు. ఎక్కుడంతా ఈ సగంలోనే ఉంది. కాశీపట్నం నుంచి గాలికొండ దాకా వెయ్యి మీటర్లకు పైనే లేస్తారు. ఆ సగం దాటితే మిగతా సగానికి 6 గంటల 50 నిమిషాలుంటుంది, అందులో ఘాట్ దిగుడే. అంటే మీ పరీక్ష 11.40కే అయిపోతుంది.

నా కథ చెబుతాను. ఇదే ఘాట్, మొదటిసారి. స్టార్ట్‌లో కార్బన్ సైకిళ్ళ గుంపొకటి కనబడింది, వాళ్ళ వెనక చేరిపోయాను. ముందు మనిషి గాలిని చీలుస్తుంటే 28, 30 అలవోకగా వస్తుంది, మనం గొప్ప అనుకుంటాం. 65 కి.మీ. రెండు గంటల ఇరవై నిమిషాల్లో కొట్టేశాను. ఫోటో తీసి ఇంటికి పంపాను కూడా. టైడా దాటి రెండు మలుపులు తిరిగేసరికి ఎడమ తొడ పట్టేసింది. దిగి నడిచాను, కుడి పిక్క పట్టేసింది. టూరిస్టు బస్సుల్లోంచి పిల్లలు టాటా చెబుతున్నారు, నేను సైకిల్ తోసుకుంటూ వాళ్ళకి టాటా చెబుతున్నాను. కంట్రోల్‌కి చేరేసరికి 12.20. అక్కడున్న కుర్రాడు టేబుల్ మడిచేసి కూడా నాకోసం నీళ్ళు ఉంచాడు, ఆ మర్యాద మర్చిపోలేను.

మరుసటి ఏడు అదే 65కి మూడు గంటల పది నిమిషాలు తీసుకున్నాను. పైకి 11.25కి చేరాను. కింద యాభై నిమిషాలు నెమ్మదిగా వెళ్తే పైన దాదాపు గంట ముందు చేరానన్నమాట. ఇది మీ పిల్లలకి లెక్కగా ఇవ్వండి, ఎవరూ నమ్మరు.

మీకు నేను వేసే లెక్క: 54 కి.మీ. 21 చొప్పున, కంకర 11 కి.మీ. 15 చొప్పున. 8.20కి కిందికి చేరతారు. టిఫిన్ పది నిమిషాలు, కూర్చోకుండా. 8.30కి ఘాట్ మొదలు. 35 కి.మీ.కి 3 గంటల 10 నిమిషాలు చేతిలో ఉంటుంది, అంటే గంటకి 11. చాలా బిగుతు. కానీ ఆ బిగుతుని కాళ్ళతో వదులు చేయాలని చూడకండి, ఆగకుండా ఉండటంతో చేయండి. ఒక్కో ఫోటో మూడు నిమిషాలు. ఈ కాలంలో పైన వలిసె పూలు పచ్చగా ఉంటాయి, అందరూ ఆగుతారు. మీరు తిరిగొచ్చేటప్పుడు ఆగండి. బొంగు చికెన్ కూడా అంతే, పొగ వాసన ఎంత పిలిచినా సరే.

ఎక్కేటప్పుడు ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది. సిగ్గుపడకండి, అవి అందుకే పెట్టారు. పక్కవాడితో మాట్లాడగలిగేంత ఊపిరి ఉండాలి. మాట తెగుతోందంటే ఎక్కువ తొక్కుతున్నట్టు.

ప్యాడెల్_పిన్ని:

మాస్టారు గారూ, టైటిల్ చూసి మా వికారాబాద్ అనంతగిరి అనుకొని వచ్చిన. మాది హైదరాబాద్, నాకు 51. మీ అనంతగిరి నేను తొక్కలేదు కాబట్టి ఘాట్ గురించి చెప్పను, రెండు వందల కి.మీ.వి మాత్రం నాలుగు చేసిన. అందరూ కాళ్ళ గురించి చెప్తరు. నేను కూర్చునే చోటు గురించి చెప్తా, ఎందుకంటే మగవాళ్ళు అడగరు, తర్వాత వారం రోజులు నిలబడి అన్నం తింటరు.

ప్యాడెడ్ షార్ట్స్ ఈరోజే కొనండి. లోపల ఇంకేం వేసుకోవద్దు. అవును, నిజంగనే. కుట్టు ఒరుసుకునేది అక్కడనే. తొడల సందులో వాజలిన్ మందంగ. ఈ మూడు వారాలు బడికి గూడ అవే వేసుకొని పోండి, పైన ప్యాంటు. ఆ రోజు కొత్తది ఏదీ వద్దు, సీటు గాని, షూ గాని, తిండి గాని.

తిండి అంటే, ఆకలైనంక తింటే ఆలస్యమైనట్టే. నేను ఫోన్‌ల నలభై నిమిషాలకు ఒక అలారం పెట్టుకుంట. మోగితే సగం అరటిపండు లేకుంటే ఒక పల్లీ చిక్కీ. పొద్దున 4 గంటలకు ఇడ్లీ, కారప్పొడి లేకుండ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళకు అని దాని మీదనే రాసి ఉంటది. సగం సీసాల మొత్తం ప్యాకెట్ కొట్టి తాగి, వాంతి చేసుకున్న మొనగాడిని చూసిన (మా ఆయనే). బీపీ ఉంది గద, ఉప్పు సంగతి కూడ డాక్టర్‌నే అడగండి.

లెక్కల_మాస్టారు:

పిన్ని గారూ, మీరు నాకన్నా ఏడేళ్ళే పెద్ద కాబట్టి అక్కా అంటాను. షార్ట్స్ కొన్నాను. మా ఆవిడ చూసి ఏమందో ఇక్కడ రాయలేను.

డాక్టరు పరీక్ష చేసి, ఈసీజీ తీయించి, సరే అన్నారు. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా ఆ క్షణమే దిగిపోవాలని మాట తీసుకున్నారు. ఉప్పు అతి చేయొద్దన్నారు, అలసటకి నొప్పి మాత్రలు వేసుకోనే వద్దన్నారు.

గాలికొండ అన్నా, మీ లెక్క చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. నేను మొత్తం సగటు చూసి మోసపోయాను. తొమ్మిదో తరగతిలో నేనే చెబుతాను, సగటు లోతు నాలుగడుగులున్న చెరువులో మనిషి మునగడా అని.

ఇంకో రెండు సందేహాలు. మూడు వారాల్లో ఏం తొక్కాలి? ఆ కంకర ముక్కలో 35 టైరు ఆగుతుందా?

టైర్‌లీవర్:

సరే, డాక్టరు ఒప్పుకున్నాక నాదేం పోయింది. టైర్లు నా సబ్జెక్టు.

35 బాగా ఆగుతుంది. మీరు దాన్ని రాయిలా గాలి కొట్టి ఉంటారు, అందరూ చేసే పనే. టైరు పక్కన 85 పీఎస్ఐ (గాలి ఒత్తిడి) అని ఉంటే అది గరిష్ఠం, అంత కొట్టమని కాదు. మీ బరువుకి వెనక 60, ముందు 50 దగ్గర మొదలుపెట్టి చూడండి. కంకర మీద ఎగరదు, చేతులు తిమ్మిరెక్కవు. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు రిమ్ముకి నొక్కుకుని రెండు కన్నాలు పడతాయి, పాము కాటులా.

కంకర మీద హ్యాండిల్ పిడికిలి బిగించకండి. సైకిల్ కాస్త అటూ ఇటూ జారుతుంది, జారనివ్వండి. ముందు బ్రేకు గట్టిగా పట్టారో, పడతారు.

ఇది డిసెంబరు, కోతల కాలం. ఆ ఊళ్ళ రోడ్ల మీద వరి పరుస్తారు, వాహనాలు తొక్కి నూర్చాలని. గడ్డి వెనక గేరు పుల్లీలో చుట్టుకుంటే గేరు హ్యాంగర్ (వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది, ఆట అక్కడితో సరి. గడ్డి కనబడగానే దిగి పదడుగులు నడవండి. తుమ్మముళ్ళు ఎలాగూ ఉంటాయి. రెండు ట్యూబులు, లీవర్లు, ప్యాచీలు, పంపు, ఒక చైన్ లింకు పెట్టుకోండి. దారిలో కారొచ్చి సాయం చేయడం బీఆర్ఎమ్‌లో ఉండదు, కంట్రోల్ దగ్గర తప్ప. ఇంట్లో టీవీ ముందు కూర్చుని వెనక చక్రం పదిసార్లు విప్పి బిగించండి. పది నిమిషాల లోపు వచ్చేదాకా.

ఇక బ్రేకులు. ఒకసారి నేను సర్వీసింగ్‌కి ఇస్తే షాపులో బ్రేకు కట్టల్ని కాస్త ఎత్తుగా బిగించారు. దిగుడులో అది రిమ్ముకి బదులు టైరు పక్కని రాచింది. ఆరేడు కిలోమీటర్లలో టైరు చీలి టప్పుమంది. అదృష్టం, స్పీడు తక్కువలో ఉన్నాను. మీది రిమ్ము బ్రేకైతే బయల్దేరే ముందు రోజు మీరే వంగి చూసుకోండి. మలుపు లోపల కాదు, మలుపుకి ముందే రెండు బ్రేకులూ నొక్కి వదలండి. అదే పనిగా పట్టుకుని దిగితే రిమ్ము బాగా వేడెక్కిపోతుంది.

గాలికొండ_రిటర్న్:

మూడు వారాల్లో కొత్త కాళ్ళు మొలవవు మాస్టారూ. మొదటి ఆదివారం 80, అదే స్పీడులో, పూర్తి సామానుతో. రెండో ఆదివారం అసలు ఘాట్ చూడండి, ఇది మాత్రం మానొద్దు. మూడో వారం బడికి తొక్కేదే చాలు, చివరి రెండు రోజులు అదీ మానేసి నిద్రపోండి. మధ్యలో వీలైతే సింహాచలం కొండ రోడ్డు రెండుసార్లు.

ఇంకోటి. డిసెంబరులో మనకి సూర్యుడు ఐదున్నరకే దిగిపోతాడు. మీరు చీకట్లో మొదలై చీకట్లోనే ముగిస్తారు. ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. దిగాక మధ్యాహ్నం సముద్రపు గాలి ముఖానే కొడుతుంది. అది చూసి భయపడకండి, అప్పటికి మీ దగ్గర టైముంటుంది.

లెక్కల_మాస్టారు:

నిన్న ఘాట్ చూసి వచ్చాను. మా తోడల్లుడి ట్రాలీ ఆటో కూరగాయల కోసం ఎస్.కోట వస్తుంది, సైకిల్ దాంట్లో వేసుకుని వెళ్ళాను. అక్కణ్ణించి అనంతగిరి దాకా ఎక్కి దిగాను.

మొదటి గంటలో 12 వచ్చింది. సంతోషించాను. రెండో గంటలో 9. మీరు చెప్పినట్టు పక్కవాడితో మాట్లాడదామంటే పక్కన ఎవరూ లేరు, ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం దగ్గర ఊపిరి తెగితే గేరు దించాను. పద్ధతి పనిచేసింది. అక్క చెప్పిన అలారం రెండుసార్లు మోగితే కసిరాను, మూడోసారి బుద్ధిగా తిన్నాను, ఆ తర్వాతే కాళ్ళకి మళ్ళీ ప్రాణం వచ్చింది.

దిగేటప్పుడు మంచు, చేతులు కొయ్యబారి బ్రేకు నొక్కడానికి వేళ్ళు కదల్లేదు. గ్లవ్స్ గురించి ఎవరూ చెప్పలేదేం?

నిన్నటి స్పీడుతో లెక్క వేస్తే కంట్రోల్‌కి 11.55కి చేరతాను. పదిహేను నిమిషాలు ఆలస్యం. కానీ నిన్న టీ కోసం రెండుసార్లు ఆగాను, ఒకసారి ఇంటికి ఫోన్. మూడూ కలిపి ఇరవై రెండు నిమిషాలు, వాచీ చూసే రాస్తున్నాను. వెళ్తున్నాను.

ప్యాడెల్_పిన్ని:

అక్కనే తమ్ముడూ, సరే. గ్లవ్స్ మా దగ్గర అంత చలి ఉండదు, యాదికి రాలే. ఉన్నివి కొనకు, బ్రేకు జారుతది.

గాలికొండ_రిటర్న్:

ఆ రోజు నేను తొక్కడం లేదు మాస్టారూ, మోకాలు బాగాలేదు. ఆ కంట్రోల్ టేబుల్ దగ్గర కూర్చునేది నేనే. 11.40కి మడిచేస్తాను, ముందే చెబుతున్నా. నీళ్ళు మాత్రం ఉంచుతాను.