భూగర్భ బొగ్గు గనిలో కార్మికుల జాడ తెలిపే నెట్‌వర్క్: నోడ్లు పెంచాలా, పద్ధతి మార్చాలా?

ప్రశ్న (ఎం.టెక్. విద్యార్థిని, ఎలక్ట్రానిక్స్):
నమస్కారమండీ. భూగర్భ గనిలో ఎవరు ఏ గ్యాలరీలో (సొరంగ మార్గంలో) ఉన్నారో పైనున్న కంట్రోల్ రూమ్‌కు తెలిపే వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌ను ప్రాజెక్టుగా తీసుకున్నాను. జీపీఎస్ భూగర్భంలో పనిచేయదు కాబట్టి, కార్మికుడి దగ్గరుండే ట్యాగ్ నుంచి స్థిర నోడ్లకు (ఒకచోట బిగించిన చిన్న రేడియో పరికరాలకు) అందే సిగ్నల్ బలాన్ని బట్టి దూరం లెక్కగడుతున్నాను. అయితే కళాశాల వరండాలో పరీక్షిస్తే, ట్యాగ్ కదలకపోయినా మధ్యలోంచి ఎవరైనా నడిచి వెళ్లగానే దూరం మారిపోతోంది. నోడ్లు పెంచితే సరిపోతుందా?

జవాబు (ఎంబెడెడ్ ఇంజినీరు):
సరిపోదండీ. ఇలాంటి నెట్‌వర్క్‌లలో ఉండే జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతి వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి శరీరంలోని నీరు పీల్చుకుంటుంది. పైగా గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు నేరుగా వచ్చినవాటితో కలిసి ఒకచోట బలపడతాయి, అడుగు దూరంలోనే బలహీనపడతాయి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే మరో రేడియో పద్ధతి సిగ్నల్ బలాన్ని కాక ప్రయాణకాలాన్ని కొలుస్తుంది. నానోసెకనులో తరంగం సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది కనుక, అడ్డు లేనిచోట స్థానం అరమీటరు లోపే తేలుతుంది. బొగ్గు పిల్లర్ (పైకప్పు నిలవడానికి తవ్వకుండా వదిలిన బొగ్గు స్తంభం) మలుపు తిరిగితే మాత్రం ఆ కచ్చితత్వం నిలవదు.

జవాబు (విశ్రాంత ఓవర్‌మన్, గోదావరిఖని):
అమ్మా, అరమీటరు లెక్క గురించి అంతగా ఆలోచించకు. పైకప్పు కూలినప్పుడు రెస్క్యూ బృందం మొదట అడిగేది, కూలినచోటికి అవతల ఎవరెవరు ఉన్నారని. అందుకు గ్యాలరీలు కలిసే ప్రతి జంక్షన్‌లో ఒక నోడ్ ఉండి, ఫలానా ట్యాగ్ ఎన్ని గంటలకు ఎటు దాటిందో వెంటనే పైకి పంపితే చాలు. 2003 జూన్‌లో ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. అటువంటి వేళ నోడ్ కూడా మునుగుతుంది కాబట్టి, చివరి జాడ పైన భద్రంగా నమోదై ఉండాలి. ఇంటేక్ (గాలి లోపలికి వచ్చే) దారి తెగితే రిటర్న్ (గాలి బయటికి పోయే) దారి గుండా సమాచారం వెళ్లేలా చూడు. మండే వాయువైన మీథేన్ గాలిలో 1.25 శాతం దాటితే కరెంటు తీసేస్తారు, కనుక నోడ్లకు సొంత బ్యాటరీ, అదీ నిప్పురవ్వకు తావివ్వనిది, తప్పనిసరి. ట్యాగ్‌ను క్యాప్‌ల్యాంప్‌లోనే (టోపీకి పెట్టుకునే దీపంలోనే) అమర్చితే మరిచిపోయే వీలుండదు. ల్యాంప్‌రూమ్‌లో ఎలాగూ ఎవరి దీపం వారికి రాసే ఇస్తారు.

జవాబు (గని భద్రత పరిశోధకుడు):
పెద్దలు చెప్పిందే అసలు విషయం. అమెరికాలో 2006 జనవరిలో సాగో గనిలో పేలుడు జరిగినప్పుడు, చిక్కుకున్న 13 మంది ఎక్కడున్నారో పైవారికి తెలియలేదు, ఒక్కరే బతికారు. అదే ఏడాది అక్కడ గని కార్మికుల భద్రత కోసం వచ్చిన మైనర్ చట్టం (MINER Act), ప్రమాదం తర్వాత కూడా కార్మికుల జాడ తెలిపే ఎలక్ట్రానిక్ ఏర్పాటును తప్పనిసరి చేసింది. ఇంకొక మాట: ఈ నమోదులను ఎవరు ఎంతసేపు కూర్చున్నారో లెక్కించడానికి వాడితే కార్మికులకు ట్యాగ్ మీద నమ్మకం పోతుంది. వాటిని ఎవరు చూడవచ్చో, ఎన్నాళ్లు ఉంచాలో ప్రాజెక్టు నివేదికలోనే రాయండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. జంక్షన్ పద్ధతికే మారుతున్నాను. ఓవర్‌మన్ గారూ, పిల్లర్లు తీసేటప్పుడు జంక్షన్లే పోతాయి కదా, అక్కడి నోడ్లను ఏ దశలో వెనక్కి తేవాలి?

జవాబు (విశ్రాంత ఓవర్‌మన్, గోదావరిఖని):
సపోర్టులు తీయకముందే తేవాలమ్మా. గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలే ఖాళీ చోటు) అంచు దాటి నోడ్ కోసం మనిషి ఎన్నడూ వెళ్లకూడదు. మిగిలిపోతే దాన్ని వదిలేయాలి.